రాత్రిపూట బీన్స్

లింగరాజపురంలో మా చర్చి డ్రమ్ సెట్టు గదికి తాళం.
తాళంచెవి యేసుపాదంగారి మెళ్ళో, సిలువ పక్కన.
శనివారం ఐదింటికి తీస్తాడు,
ఆరున్నరకి దగ్గడం మొదలుపెడతాడు.
మిగతా ఆరు రోజులూ నాకున్నది
జానెడు చెక్కకి అంటించిన బూడిదరంగు రబ్బరు బిళ్ళ.

వంటగట్టు మీద పెడతాను దాన్ని,
కింద తడి తుండుగుడ్డ, జారకుండా.
పిల్లాడు పడుకున్నాక, కుక్కరు తోమి బోర్లించాక,
ల్యాబులో రోజంతా రక్తపరీక్షల బిల్లులు కొట్టిన వేళ్ళతో
కర్రలు పట్టుకుంటాను.
ఫోన్లో మెట్రోనోమ్, నిమిషానికి అరవై.
అరవై అంటే ఎంత నెమ్మదో
కొట్టబోయేదాకా తెలీదు.
రెండు టిక్కుల మధ్య
రింగురోడ్డు మీద ఒక బస్సు గేరు మార్చుకుని వెళ్ళిపోతుంది.
చెయ్యి ఆగలేదు, ముందే పడుతుంది.
ఇంత తొందర నాకెక్కడిదో.

కుడి ఎడమ కుడి కుడి
ఎడమ కుడి ఎడమ ఎడమ

ముప్పయ్యేళ్ళు పెళ్ళి బ్యాండులో వాయించిన
సామ్యేలు మాష్టారు అన్నారు:
డ్రమ్ముకి మొహమాటమమ్మా,
నీ తప్పుని తన మోతలో దాచేస్తుంది.
ఇది దాచదు.
కర్రల కొసలకి సుద్ద రాశారు.
ఐదు నిమిషాలు వాయించి చూస్తే
కుడిచేతి గుర్తులన్నీ రూపాయి బిళ్ళంత చోట.
ఎడమచేతివి
కోళ్ళకి చల్లిన నూకలు.

దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?
ఆ చేత్తో తినకు, ఆ చేత్తో ఇవ్వకు,
రొట్టె ఆ చేత్తో అందుకోకు,
పుర్రచెయ్యీ అని వెక్కిరించి వెక్కిరించి
ముప్పై ఎనిమిదేళ్ళకి వచ్చి
ఇవాళ్టినుంచి మీరిద్దరూ సమానం అంటే
అది నమ్మొద్దూ.

అందుకని ఒక వారం దానికొక్కదానికే పాఠం.
కుడిచేతిని ఒళ్ళో కూచోబెట్టాను.
ఊరుకోదు. వేలు కదిపి అందిస్తూనే ఉంటుంది,
పక్క బెంచీలోంచి జవాబు చెప్పే పిల్లలా.

గట్టిగా పట్టుకుంటే కర్ర చచ్చిపోతుంది.
వదిలేస్తే ఎగిరి గ్యాసుబండ వెనక పడుతుంది.
నిద్రపోతున్న పిల్లాడి గుప్పిట్లోంచి
పెన్సిలు తీసేటప్పుడుండే పట్టు ఒకటుంది,
అది కావాలి.
అది దొరికిన రాత్రి
నేనొకటి కొట్టాను, రబ్బరు రెండోది ఇచ్చింది.
అడక్కుండా.

మర్నాడు మెట్ల దగ్గర కింది వాటా తిమ్మక్క:
ఏనమ్మా, అష్టొత్తల్లి తరకారి హెచ్తీయా?
అంత రాత్రప్పుడు కూరగాయలేం తరుగుతున్నావని.
డ్రమ్ములంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.
బీన్స్, అన్నాను.
ఎంత సన్నగా తరుగుతావమ్మా, అంది.
మెచ్చుకుందో దెప్పిందో తెలీలేదు.

మూడు నెలలు నిలబడింది ఆ అబద్ధం.
ఎనభైకి వెళ్ళాను. తొంభైలో కూలబడి
డెబ్భైకి వచ్చి, మళ్ళీ.
శనివారాలు సెట్టు ముందు కూచుంటే
ఆ చప్పుడికి నాకే భయం,
ఇన్నాళ్ళూ గుసగుసలాడినదాన్ని
మైకు ముందు నిలబెట్టినట్టు.
మాష్టారు కళ్ళు మూసుకుని వినేవారు.
ఎడమ ఇంకా అద్దెకుంటోందమ్మా, అనేవారు.

నిన్న రాత్రి తలుపు చప్పుడు.
తిమ్మక్క. చేతిలో గుడ్డసంచీ.
కోలారు నుంచి తమ్ముడు తెచ్చాడట, రెండు కిలోల బీన్స్.
ఎలాగూ కోస్తావుగా, ఇవీ కొయ్యి,
పొద్దున సగం నాకివ్వు.

కర్రలున్న కుడిచెయ్యి నా వెనక దాక్కుని ఉంది.
సంచీ కోసం ఎడమచెయ్యి వెళ్ళింది,
నేను పంపకుండానే,
తిన్నగా, తొందర లేకుండా.
ఆవిడ దాన్నొకసారి చూసింది.
నా మొహం చూసింది.
బరువంతా అందులో పెట్టింది.

కొంచెం కుంగి, లేచింది.